క్యామ్‌కార్డర్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు శబ్దంలో రొద వస్తే ఏం చేయాలి?

పాత టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదలుపెట్టిన వారిలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే. బొమ్మ బాగానే వస్తోంది, కానీ మాటల వెనుక గుయ్‌మనే మోతో, బుసలాంటి శబ్దమో, చిటపటలో వినిపిస్తున్నాయి; వాటిని ఏ సాఫ్ట్‌వేర్‌తో తీసివేయాలి?

సాఫ్ట్‌వేర్ దాకా వెళ్లకముందే ఆ రొద ఎక్కడ పుడుతోందో తేల్చుకోవాలి. అది టేపులోనే ఉండవచ్చు, క్యామ్‌కార్డర్‌లో పుట్టవచ్చు, తీగల దగ్గర కలవవచ్చు, కంప్యూటర్‌లో చేరవచ్చు. ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు ఉన్నాయి, ఒకదానికి వేయవలసిన మందు మరొకదానికి పనిచేయదు. వీడియో8, హై8, వీహెచ్‌ఎస్-సీ, మినీడీవీ టేపులు ఎక్కించేవారి కోసం, చేయవలసిన వరుసలోనే ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

1. మొదలుపెట్టే ముందు

ఈ కిందివి దగ్గర పెట్టుకున్న తరువాతే పనిలోకి దిగండి.

☐ క్యామ్‌కార్డర్ బ్యాటరీ. అరగంట పనిచేసినా చాలు, కానీ బ్యాటరీ లేకుండా కింది పరీక్షలు పూర్తికావు.
☐ తీగ ఉన్న హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి వద్దు, ఎందుకంటే అది శబ్దాన్ని కుదించి, ఆలస్యంగా వినిపిస్తుంది.
☐ రెండో ఏవీ కేబుల్ (క్యామ్‌కార్డర్ నుంచి బొమ్మను, శబ్దాన్ని తెచ్చే తీగ), వీలైతే మీ క్యామ్‌కార్డర్ కంపెనీదే.
☐ పరీక్షకు ఒక టేపు. అందులో మాటలున్న చోటు ఒకటి, నిశ్శబ్దంగా ఉన్న చోటు ఒకటి గుర్తించి పెట్టుకోండి.
☐ హార్డ్‌డిస్కులో ఖాళీ. మినీడీవీ టేపును ఉన్నదున్నట్టుగా ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ పడుతుంది.
☐ కాగితం, కలం. ప్రతి పరీక్ష ఫలితాన్నీ రాసుకోవాలి.

టేపును క్యామ్‌కార్డర్‌లో పెట్టే ముందు క్యాసెట్టు కిటికీలోంచి వెలుతురులో చూడండి. చుట్టల అంచుల మీద తెల్లని పొడిలాగానో మచ్చలలాగానో కనిపిస్తే అది బూజు. సముద్రతీర ఊళ్లలో, వర్షాకాలంలో మూసి ఉన్న బీరువాల్లో ఉండిపోయిన టేపులకు ఇది సాధారణంగా పడుతుంది. అటువంటి టేపును క్యామ్‌కార్డర్‌లో పెట్టకండి; బూజు హెడ్లకు (టేపును చదివే భాగాలకు) అంటుకుని, ఆ తరువాత పెట్టిన మంచి టేపులకు కూడా పాకుతుంది. దానిని ముందుగా అనుభవం ఉన్నవారి చేత శుభ్రం చేయించాలి.

బాగున్న టేపునైతే ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తెచ్చుకోండి. ఏళ్ల తరబడి కదలని చుట్టలు సర్దుకుంటాయి.

2. రొద పుట్టిన చోటు పట్టుకునే నాలుగు పరీక్షలు

వీటిని ఇదే వరుసలో చేయండి. ఒక పరీక్షకు ఒక మార్పే చేయాలి. ఒకేసారి కేబుల్ మార్చి, సాకెట్టు మార్చి, సెట్టింగు కూడా మార్చితే రొద పోయినా అది దేనివల్ల పోయిందో తెలియదు, మరుసటి రోజు తిరిగి వచ్చినప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతకవలసి వస్తుంది.

పరీక్ష 1: కంప్యూటర్ లేకుండా వినడం. క్యామ్‌కార్డర్‌కు ఏ తీగా తగిలించకుండా, బ్యాటరీ మీదే నడుపుతూ, దాని హెడ్‌ఫోన్ రంధ్రం ద్వారా టేపు వినండి. హెడ్‌ఫోన్ రంధ్రం లేని మోడల్ అయితే దాని స్పీకరు ద్వారానే వినండి. ఇక్కడే రొద ఉంటే అది టేపుదో హెడ్లదో. నేరుగా 4వ భాగానికి వెళ్లండి.

పరీక్ష 2: టేపు ఆపి రికార్డు చేయడం. తీగలన్నీ మామూలుగా తగిలించి, క్యామ్‌కార్డర్‌ను ప్లే మోడ్‌లోనే ఉంచి, టేపును మాత్రం ఆపి, కంప్యూటర్‌లో 30 సెకన్లు రికార్డు చేయండి. టేపు కదలకపోయినా గుయ్‌మనే మోత వస్తోందంటే అది టేపులోది కాదు, కరెంటు నుంచో తీగల నుంచో వస్తోంది.

పరీక్ష 3: ఏవీ కేబుల్ పీకి రికార్డు చేయడం. క్యాప్చర్ పరికరం (ఏవీ తీగల సిగ్నల్‌ను యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు అందించే చిన్న పెట్టె) కంప్యూటర్‌కే ఉండాలి, దానిలోకి వచ్చే ఏవీ తీగలు మాత్రం తీసివేయాలి. ఇప్పుడు 30 సెకన్లు రికార్డు చేస్తూ ల్యాప్‌టాప్ పక్కన ఒకసారి చప్పట్లు కొట్టండి. రికార్డింగులో ఆ చప్పట్లు వినిపిస్తే మీ సాఫ్ట్‌వేర్ క్యాప్చర్ పరికరాన్ని కాక ల్యాప్‌టాప్ మైకును వింటోందన్నమాట. మీరు టేపు రొద అనుకుంటున్నది గదిలోని ఫ్యాన్ చప్పుడు కావచ్చు. ఈ పొరపాటు ఎంత తరచుగా జరుగుతుందంటే, ఎవరు రొద గురించి అడిగినా నేను తప్పక చేయమనేది ఈ చప్పట్ల పరీక్షే.

పరీక్ష 4: రికార్డయిన ఫైలును వేరే చోట వినడం. ఫైలును ఫోనులోకి పంపుకుని హెడ్‌ఫోన్‌తో వినండి. అక్కడ రొద లేకపోతే ఫైలు బాగానే ఉంది, రొద మీ కంప్యూటర్ స్పీకర్లది. ఇక దేనినీ మార్చకండి.

3. టేపు ఆపినా ఆగని గుయ్‌మనే మోత

మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. అందుకే కరెంటు నుంచి కలిసే రొద 50 హెర్ట్జ్ దగ్గర, దాని గుణిజాలైన 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర బలంగా ఉంటుంది. అమెరికాలో అది 60, 120, 180. ఆడాసిటీ అనే ఉచిత శబ్దం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రొద ఉన్న ముక్కను ఎంచుకుని ప్లాట్ స్పెక్ట్రమ్ (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత శబ్దం ఉందో చూపే పటం) తెరిస్తే ఈ శిఖరాలు కంటికే కనిపిస్తాయి.

దీనికి ఎక్కువగా కారణమయ్యేది గ్రౌండ్ లూప్. క్యామ్‌కార్డర్ తన అడాప్టర్ ద్వారా, కంప్యూటర్ తన చార్జర్ ద్వారా ఒకే ఇంటి వైరింగుకు తగిలి ఉంటాయి, వాటి మధ్య ఏవీ కేబుల్ పైతొడుగు ఇంకొక దారి అవుతుంది. ఆ వలయంలో ప్రవహించే కొద్దిపాటి కరెంటు శబ్దం తీగలో మోతగా చేరుతుంది. ఇదే కారణమైతే తరచుగా బొమ్మలో కూడా అడ్డంగా మసక పట్టీలు నెమ్మదిగా పైకో కిందికో కదులుతూ కనిపిస్తాయి.

తేల్చుకునే వరుస ఇది.

అ) క్యామ్‌కార్డర్ అడాప్టర్ తీసి బ్యాటరీ మీద నడపండి. మోత పోతే కారణం అడాప్టర్ దారిలో ఉంది. టేపంతా బ్యాటరీ మీదే ఎక్కించగలిగితే పని అక్కడితో అయిపోయింది.

ఆ) మోత ఇంకా ఉంటే ల్యాప్‌టాప్ చార్జర్ కూడా పీకండి. ఇప్పుడు పోతే చార్జరే కారణం. ఎక్కించినంతసేపూ ల్యాప్‌టాప్‌ను కూడా బ్యాటరీ మీద నడపండి, కానీ ముందుగా పూర్తిగా చార్జి చేసి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు నిద్రలోకి వెళ్లకుండా పవర్ సెట్టింగులు మార్చుకోండి.

ఇ) డెస్క్‌టాప్ అయితే దానికి తగిలి ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా తీస్తూ పోండి. ముందుగా హెచ్‌డీఎంఐ ద్వారా తగిలిన టీవీని తీయాలి. ఆ టీవీకి డిష్ తీగో కేబుల్ తీగో ఉంటే, ఆ తీగ పైతొడుగు ఇంటి బయటి నుంచి ఇంకొక ఎర్త్‌ను లోపలికి తెస్తుంది. దాని తరువాత యాంప్లిఫయర్, స్పీకర్లు, ప్రింటర్.

ఈ) మిగిలినవన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మార్చండి. రెండు గదుల సాకెట్ల నుంచి కరెంటు తీసుకోవడం ఈ పనిలో పనికిరాదు.

ఉ) అప్పటికీ తగ్గకపోతే శబ్దం తెచ్చే ఎరుపు, తెలుపు తీగల దారిలో పెట్టే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ కొనండి. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉండే ఈ పెట్టె, శబ్దాన్ని పోనిచ్చి, రెండు వైపుల గ్రౌండ్లను విడదీస్తుంది. చవకరకం ఐసోలేటర్లు బాస్‌ను కొంత తగ్గిస్తాయి కాబట్టి పై ఉపాయాలు విఫలమైనప్పుడే దీనిని వాడాలి.

ఒక హెచ్చరిక. మోత పోతుందని కంప్యూటర్ ప్లగ్గు ఎర్త్ పిన్నును విరగ్గొట్టమనో, రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టమనో సలహా ఇచ్చేవారు ఉంటారు. అది ప్రాణాపాయం, ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

దీనికి తిరగబడిన సమస్య కూడా మన ఇళ్లలో ఉంది. చాలా పాత ఇళ్లలో సాకెట్టుకు మూడు రంధ్రాలు ఉంటాయి కానీ పై రంధ్రానికి ఎర్త్ తీగ కలిపి ఉండదు. ఆ సాకెట్టులో ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే లోహపు అంచును తాకినప్పుడు చేతికి సన్నగా జివ్వుమంటుంది, రికార్డింగులో మోత చేరుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ సరిచేయించడమే దీనికి పరిష్కారం. శబ్దం సంగతి అటుంచి ఇంట్లో ఉన్నవారి భద్రతకైనా అది అవసరం.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు టేపులు ఎక్కించకండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు మెత్తని గుయ్‌మనే మోతకు బదులు గరగరలాడే బజ్‌ను కలుపుతాయి. కొన్ని ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లూ, వెలుతురు తగ్గించే డిమ్మర్లూ అదే పని చేస్తాయి. అనుమానముంటే ఫ్యాన్ ఆపి చూడండి. పక్కనే మొబైల్ ఫోను ఉండి, 2జీ సిగ్నల్ మీద పనిచేస్తుంటే టకటకటక మంటూ తెగి తెగి వచ్చే మోత కలుస్తుంది. ఫోనును గది బయట పెట్టండి.

4. టేపు కదిలినప్పుడే వచ్చే రొద

ఇది కరెంటు మోతలాగానే వినిపిస్తుంది కాబట్టి చాలామంది దీనికీ గ్రౌండ్ లూప్ వైద్యమే చేసి విసిగిపోతారు.

వీడియో8, హై8 టేపుల్లో శబ్దం సాధారణంగా తిరిగే వీడియో హెడ్ల ద్వారానే, బొమ్మతో కలిపి ఎఫ్‌ఎం రూపంలో రికార్డవుతుంది. ఒక హెడ్డు నుంచి మరో హెడ్డుకు మారే ప్రతిసారీ శబ్దంలో చిన్న అతుకు పడుతుంది. మన దేశంలో వాడిన పాల్ అనే వీడియో పద్ధతిలో సెకనుకు 50 ఫీల్డులు (సగం సగం బొమ్మలు), ఫీల్డు ఫీల్డుకూ హెడ్డు మారుతుంది. అంటే ఆ అతుకుల రొద కూడా 50 హెర్ట్జ్ దగ్గరే ఉంటుంది. సరిగ్గా కరెంటు మోత ఉన్న చోటే. హెడ్లు శుభ్రంగా ఉన్నప్పుడు పరికరం ఆ అతుకును కప్పేస్తుంది, మురికి పట్టినప్పుడో ట్రాకింగ్ (హెడ్డు టేపు మీది గీతల వెంటే సరిగ్గా నడవడం) తప్పినప్పుడో అది బజ్‌గా బయటపడుతుంది.

రెండింటినీ వేరు చేసే గుర్తు పరీక్ష 2లోనే ఉంది. టేపు ఆపితే పోయేది హెడ్లది లేదా టేపులో పడినది, ఆపినా ఉండేది కరెంటుది.

అమెరికాలోని బంధువులు తీసి పంపిన టేపులు ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి వీడియో పద్ధతిలో ఉంటాయి, అక్కడ ఫీల్డులు సెకనుకు సుమారు 60. అటువంటి టేపును ఇక్కడ ఎక్కిస్తున్నప్పుడు స్పెక్ట్రమ్‌లో శిఖరం 60 దగ్గర ఉంటే రొద టేపుతోనో హెడ్లతోనో వచ్చింది, 50 దగ్గర ఉంటే మీ ఇంటి కరెంటు నుంచి వచ్చింది. ఇంత తేటగా తెలిసే అవకాశం పాల్ టేపులకు ఉండదు. అమెరికాలో ఉండి ఇక్కడి పెళ్లి టేపులు ఎక్కించుకునేవారికి ఇదే లెక్క తలకిందులుగా పనిచేస్తుంది.

హెడ్ల రొదకు చేయవలసినవి:

☐ డ్రై క్లీనింగ్ క్యాసెట్టును దాని మీద రాసిన సమయానికి మించకుండా, సాధారణంగా 10 సెకన్లలోపే, నడపండి. పదే పదే నడిపితే హెడ్లు అరుగుతాయి.
☐ టేపు తీసినప్పటి క్యామ్‌కార్డర్ ఇంకా పనిచేస్తుంటే దానిలోనే ఆడించండి. ముఖ్యంగా ఎల్‌పీ మోడ్‌లో (టేపు నెమ్మదిగా నడిచి ఎక్కువసేపు వచ్చే పద్ధతిలో) తీసిన టేపులు వేరే క్యామ్‌కార్డర్‌లో తరచుగా మొరాయిస్తాయి.
☐ వీహెచ్‌ఎస్-సీ టేపును అడాప్టర్ క్యాసెట్టులో పెట్టి వీసీఆర్‌లో ఆడిస్తున్నట్లయితే ట్రాకింగ్ సరిచేయండి. హై-ఫై ట్రాక్ (తిరిగే హెడ్లు చదివే శబ్దం) బజ్ కొడుతుంటే మెనూలో నార్మల్ ట్రాక్‌కు (టేపు అంచున ఉండే మామూలు శబ్దానికి) మార్చి చూడండి. బుస కొంచెం ఎక్కువగా ఉన్నా బజ్ పోతుంది.

తడి పద్ధతిలో హెడ్లు తుడవాలనుకుంటే దూది పుల్లలు వాడకండి, పోగులు హెడ్డు సందులో చిక్కుకుంటాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన షామ్వా అనే మెత్తని తోలు ముక్కను డ్రమ్ముకు (హెడ్లు అమర్చి ఉన్న తిరిగే భాగానికి) ఆనించి, డ్రమ్మునే చేత్తో నెమ్మదిగా తిప్పాలి. తోలును ఎప్పుడూ పైకి, కిందికి కదపకూడదు, హెడ్డు విరుగుతుంది. పూర్తిగా ఆరిన తరువాతే టేపు పెట్టాలి. చిన్న క్యామ్‌కార్డర్లలో డ్రమ్ము దగ్గరికి వేలు వెళ్లే చోటు కూడా ఉండదు కాబట్టి, అలవాటు లేనివారు మెకానిక్‌కు ఇవ్వడమే మేలు.

క్యామ్‌కార్డర్ మోటారు కూత, గాలి హోరు షూటింగ్ నాడే మైకులో పడి ఉంటే అవి టేపులో భాగం. వాటి సంగతి 9వ భాగంలో చూడండి.

5. ఏవీ కేబుల్ తప్పులు

ఒక చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో చివర పసుపు, తెలుపు, ఎరుపు ప్లగ్గులు ఉండే కేబుళ్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. లోపలి తీగల వరుస మాత్రం కంపెనీని బట్టి మారుతుంది. సరిపడని కేబుల్ వాడితే వీడియో సిగ్నల్ వెళ్లి శబ్దం తీగలో పడుతుంది, అప్పుడు చెవులు చిల్లులు పడేలా బజ్ వస్తుంది.

గుర్తుపట్టడం తేలిక. దృశ్యంలో వెలుతురు పెరిగినప్పుడు, తెల్లని అక్షరాలు వచ్చినప్పుడు బజ్ స్వరం మారుతుంటే అది వీడియో సిగ్నలే. పసుపు సాకెట్టులో వరుసగా ఎరుపు, తెలుపు ప్లగ్గులు పెట్టి చూడండి. ఎరుపు ప్లగ్గులో బొమ్మ వస్తే మిగిలిన రెండింటిలో శబ్దం ఉంటుంది, రంగులు పట్టించుకోకుండా అలాగే వాడుకోవచ్చు. ఏ అమరికలోనూ బొమ్మ, శబ్దం రెండూ శుభ్రంగా రాకపోతే కేబుల్ మార్చవలసిందే.

ఒక చెవిలో మాటలు, మరో చెవిలో మోత మాత్రమే వస్తుంటే మీది మోనో క్యామ్‌కార్డర్ కావచ్చు. దానికి తెల్ల ప్లగ్గు ఒక్కటే ఉంటుంది, ఖాళీగా ఉన్న ఎరుపు సాకెట్టు గాలిలోని మోతను పట్టుకుంటుంది. ఎడిటింగులో ఆ రెండో చానల్‌ను తీసేసి ఎడమ చానల్‌నే రెండు వైపులా పెట్టుకుంటే సరిపోతుంది.

6. శబ్దం స్థాయిలు, కంప్యూటర్ సెట్టింగులు

ల్యాప్‌టాప్‌కు ఉండే ఒక్క 3.5 మిల్లీమీటర్ల రంధ్రంలో ఏవీ శబ్దాన్ని పెట్టకండి. అది మైకు కోసం చేసినది. కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్‌ను ఆశిస్తుంది. క్యామ్‌కార్డర్ ఏవీ అవుట్ ఇచ్చే లైన్ సిగ్నల్ దానికి ఎన్నో రెట్లు పెద్దది. అందులో పెడితే మాటలు చిరిగినట్టుగా, పైగా మోనోలో వస్తాయి. శబ్దాన్ని కూడా యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ఎరుపు, తెలుపు సాకెట్ల ద్వారానే పంపండి.

కొన్ని క్యామ్‌కార్డర్లలో ఏవీకి, హెడ్‌ఫోన్‌కు ఒకే రంధ్రం ఉంటుంది. మెనూలో దానిని ఏవీకి మార్చారో లేదో చూడండి.

విండోస్‌లో సరిచూడవలసినవి:

☐ సౌండ్ సెట్టింగుల ఇన్‌పుట్ భాగంలో క్యాప్చర్ పరికరం కనిపించాలి. మైక్రోఫోన్ అనుమతి ఆఫ్‌లో ఉంటే ఈ పరికరం నుంచి కూడా శబ్దం రాదు.
☐ మైక్రోఫోన్ బూస్ట్ ఉంటే సున్నాకు దించాలి.
☐ ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్లు ఆఫ్ చేయాలి. మాట లేనిచోట రొదను పెంచేది, మాటల చివరలను కత్తిరించేది ఇవే.
☐ ఫార్మాట్ 48,000 హెర్ట్జ్‌కు పెట్టాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనూ అదే అంకె ఉండాలి.

ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారు ఆడియో మిక్సర్‌లో మైక్ అనే పట్టీని పూర్తిగా ఆపివేసి, వీడియో క్యాప్చర్ డివైస్ లక్షణాలలో క్యాప్చర్ పరికరం శబ్దాన్నే ఎంచుకోవాలి. రెండూ తెరిచి ఉంటే మాటలు బావిలోంచి వచ్చినట్టు ప్రతిధ్వనిస్తాయి.

టేపులో అన్నిటికంటే గట్టిగా ఉన్న చోట మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్‌ల మధ్య ఆడేలా స్థాయిని పెట్టండి. సున్నాను తాకితే పగిలిన శబ్దాన్ని తరువాత ఎవరూ బాగుచేయలేరు. మరీ తక్కువగా తీసుకుని తరువాత పెంచితే బుస కూడా పెరుగుతుంది.

7. చిటపటలు, తెగిపోవడాలు

క్రమం లేకుండా టిక్కుమనే శబ్దాలు సాధారణంగా కంప్యూటర్ డేటాను సకాలంలో అందుకోలేకపోవడం వల్ల వస్తాయి. క్యాప్చర్ పరికరాన్ని హబ్‌లో కాక నేరుగా కంప్యూటర్‌కు, డెస్క్‌టాప్ అయితే వెనుక వైపు పోర్టుకు తగిలించండి. యాంటీవైరస్ స్కాన్, క్లౌడ్ బ్యాకప్, బ్రౌజర్ ఆపండి. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రికార్డు చేయకండి.

మౌస్ కదిపినప్పుడో డిస్కు పనిచేస్తున్నప్పుడో సన్నని కూత మారుతుంటే అది యూఎస్‌బీ కరెంటు ద్వారా వస్తోంది. వేరే పోర్టు గానీ, సొంత అడాప్టర్ ఉన్న హబ్ గానీ దానిని తగ్గిస్తుంది.

అదే టేపును రెండుసార్లు ఎక్కించి పోల్చండి. టిక్కులు రెండుసార్లూ ఒకే క్షణంలో వస్తే టేపువి, చోటు మారితే కంప్యూటర్‌వి.

8. మినీడీవీ టేపులు

మినీడీవీలో శబ్దం డిజిటల్‌గానే ఉంటుంది. ఫైర్‌వైర్ (డిజిటల్ డేటాను ఉన్నదున్నట్టు పంపే ఒక రకం కేబుల్, పోర్టు) ద్వారా తీసుకుంటే అంకెలు మాత్రమే ప్రయాణిస్తాయి, దారిలో కరెంటు మోత కలవడానికి చోటు ఉండదు. అందుకే మినీడీవీ టేపుకు ఏవీ కేబుల్, యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం వాడి రొదతో పోరాడటం నా దృష్టిలో వృథా శ్రమ. ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత కంప్యూటర్‌ను ఎరువు తెచ్చుకున్నా మంచిదే. కొన్ని డిజిటల్8 క్యామ్‌కార్డర్లు హై8 టేపులను కూడా ఆడించి ఇదే దారిలో ఇస్తాయి.

ఫైర్‌వైర్ పిన్నును నేరుగా యూఎస్‌బీగా మార్చే చిన్న ప్లగ్గులు అమ్ముతారు. అవి ఈ పనికి అస్సలు పనిచేయవు. తగిలించేటప్పుడు క్యామ్‌కార్డర్ ఆపి ఉండాలి, పిన్ను తిరగబడకుండా చూడాలి. 6 పిన్నుల ఫైర్‌వైర్‌లో కరెంటు కూడా ఉంటుంది కాబట్టి తిరగేసి నెడితే క్యామ్‌కార్డర్ పోర్టు కాలిపోవచ్చు.

ఫైర్‌వైర్‌లోనూ శబ్దం తునకలు తునకలుగా తెగుతూ, బొమ్మలో గళ్లు కనిపిస్తుంటే హెడ్లు శుభ్రం చేయాలి. ఒకే టేపులో కొంత 16 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లోనూ, కొంత 12 బిట్, 32 కిలోహెర్ట్జ్‌లోనూ తీసి ఉంటే మారిన చోటి నుంచి శబ్దం వింతగా మారవచ్చు. ఆ చోట ఆపి, మిగిలినది వేరే ఫైలుగా ఎక్కించండి. 12 బిట్ టేపుకు మెనూలో ఆడియో మిక్స్‌ను మొదటి స్టీరియో వైపే పూర్తిగా జరపండి, ఖాళీగా ఉన్న రెండో జత ట్రాకుల అవసరం లేదు.

9. మిగిలిపోయిన రొదను సాఫ్ట్‌వేర్‌తో తగ్గించడం

ఇప్పటిదాకా చెప్పినవన్నీ చేసిన తరువాత మిగిలినది టేపులోని రొద మాత్రమే. దానిని పూర్తిగా తీసివేయాలని చూడకండి, మాట స్పష్టంగా వినిపించే వరకు తగ్గిస్తే చాలు.

ఆడాసిటీలో ఈ వరుస పాటించండి.

అ) అసలు ఫైలును అలాగే ఉంచి, నకలు మీద పనిచేయండి.
ఆ) హై-పాస్ ఫిల్టర్‌ను 80 హెర్ట్జ్‌కు పెట్టి గాలి హోరును, అడుగు మోతను తగ్గించండి.
ఇ) కరెంటు మోత టేపులోనే పడి ఉంటే నాచ్ ఫిల్టర్‌ను (చెప్పిన ఒక్క హెర్ట్జ్ దగ్గరి శబ్దాన్నే తగ్గించేదాన్ని) 50, 100, 150 దగ్గర విడివిడిగా వాడండి. అమెరికా టేపైతే 60, 120, 180.
ఈ) ఎవరూ మాట్లాడని ఒకటి రెండు సెకన్లు ఎంచుకుని నాయిస్ రిడక్షన్‌లో నాయిస్ ప్రొఫైల్ (రొద నమూనా) తీసుకోండి. తరువాత మొత్తం ఎంచుకుని 6 డెసిబెల్‌లతో మొదలుపెట్టండి, చాలకపోతే 12 దాకా వెళ్లండి.

మాటలు నీళ్లలోంచి వచ్చినట్టు, గలగలలాడుతూ వినిపిస్తే ఎక్కువ తగ్గించారని అర్థం, వెనక్కి రండి. ఈ వరుసను మార్చకూడదు: మోత ఉండగానే నాయిస్ రిడక్షన్ చేస్తే అది మోతతో పాటు పెద్దవారి గొంతులోని గంభీరతను కూడా తినేస్తుంది.

శుద్ధి చేసిన శబ్దాన్ని వీడియోతో కలిపిన తరువాత మొదట్లోనూ, మధ్యలోనూ, చివరి నిమిషంలోనూ పెదవుల కదలికతో సరిపోల్చండి. మొదట్లో సరిపోయి చివరకు జారితే 6వ భాగంలోని 48,000 హెర్ట్జ్ సెట్టింగు రెండు చోట్లా ఒకేలా లేకపోవడం కారణం కావచ్చు. దానిని సరిచేసి టేపును మళ్లీ ఎక్కించండి.